లక్షన్నర

మా లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.
పాటలీపుత్రం నుంచి సింధు దాటి వచ్చిన దూత
బండ ముందు నిలబడ్డ ప్రతిసారీ
మెడ వంకర పెట్టి చూస్తాడు.

నా పేరు ఉరసకుడు. రాతి మీద రాసే పని.
మా ముత్తాత పారసీక రాజుకు పన్ను లెక్కలు రాశాడు,
నేను దేవతలకు ప్రియుడైన రాజుకు
దయ గురించి రాస్తున్నాను.
చెయ్యి తిరగడం మాత్రం ఆ ఇంటిదే.

మొదటి శాసనం సులువుగా సాగింది:
వంటశాలలో ఇకపై రెండు నెమళ్లు, ఒక జింక.
ఆ జింక కూడా రోజూ కాదట.
కూలీలు నవ్వుకున్నారు,
ఈ కొండల్లో నెమలిని చూసినవాడెవడు?
తర్వాత మందుమొక్కలు, బావులు, దారి పక్క చెట్లు.
ఎండలున్నన్నాళ్లూ తూర్పు ముఖం మీద అవే.
మంచు పడకముందే పడమటి ముఖం మొదలుపెట్టాం.

నీళ్లు మోసే మనిషి నాగపియ.
ఉలి చల్లార్చడానికి, రాతిపొడి కడగడానికి
పొద్దుగూకేలోగా పద్దెనిమిది కుండలు.
ఎక్కడినుంచో తోలుకొచ్చారని తెలుసు,
ఎక్కడో అడగలేదు.
అక్రోటు పగలగొట్టడం ఇక్కడే నేర్చుకుంది.
మా ఏటి చేపను మాత్రం ముట్టదు.
ఉప్పు ఎరగని నీళ్ల చేప అంటుంది.

ఆ రోజు దూత భూర్జపత్రం విప్పి చదువుతున్నాడు,
నేను సుద్దతో గీసుకుంటున్నాను:
అభిషేకమైన ఎనిమిదేళ్లకు
రాజు కళింగను జయించాడు.

కుండ పడలేదు.
నడుం మీద అలాగే ఉంది,
కొంచెం ఒరిగి.
నీళ్లు అంచు మీంచి కారిపోతూ ఉన్నాయి.

అక్కడినుంచి తరలించిన ప్రాణులు లక్షన్నర.
అక్కడే హతులైనవాళ్లు లక్ష.
ఆ పైన చనిపోయినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.
నేను తలెత్తి చూశాను.
"ఎన్నో రెట్లు అంతే. అంకె ఇవ్వలేదు" అన్నాడు దూత.

తర్వాత అనుశోచన అనే మాట వచ్చింది.
రాజు చింతిస్తున్నాడు.
మా లిపిలో దీర్ఘానికి గుర్తు లేదు.
ఎంత పొడుగు ఏడుపునైనా
పొట్టి అచ్చులో ఇరికించాల్సిందే.

దూత గుర్రానికి మేత చూడ్డానికి వెళ్లాక
ఆమె దగ్గరకొచ్చింది.
"ఆ లక్షన్నరలో
నేను లక్షలో ఉన్నానా, అరలోనా?"

నాకు లెక్కలు రావన్నాను,
లెక్కలు రాసిన ఇంట్లో పుట్టి.

"తిరిగి పంపిస్తామని ఉందా ఎక్కడైనా?"
అడవివాళ్లకు హెచ్చరిక ఉంది:
చింతిస్తున్నా, శిక్షించే బలం ఉందని.
పంపే మాట లేదు.

"పోనీలే. మా తోసలి దగ్గరా ఉందో బండ,
ఏనుగు కూచున్నట్టు.
అక్కడా ఇదే చెక్కుతారుగా?
మా అన్న పిల్లలు ఎవరైనా మిగిలుంటే
చదివించుకుంటారు."

దూత సంచిలో జాబితా చూశాను నేను.
తోసలికి ఈ పదమూడోది లేదు.
దాని చోట ఇంకేదో ఉంది:
మనుషులందరూ నా బిడ్డలే, అని.

చెప్పలేదు.
మా ఊరి పేరు ఎక్కడుందంది.
వేలు పట్టి పెట్టాను.
మూడే అక్షరాలు. సున్న కూడా వేయం మేం.
ఆమె వేలు ఎడమ నుంచి కుడికి పాకింది,
గ, లి, క,
ఊళ్లోంచి వెనక్కి నడిపించుకెళుతున్నట్టు.
కుండలో మిగిలిన నీళ్లు ఆ మూడింటి మీదా పోసింది.
పొడి కొట్టుకుపోయి రాయి నల్లబడింది.
కాసేపే. ఇక్కడి గాలికి
తడి నిలవదు.

మర్నాడు పద్నాలుగోది. ఆఖరిది. చిన్నది.
దూత చదివాడు, నేను చెక్కాను:
ఎక్కడైనా ఏదైనా అసంపూర్తిగా ఉంటే
అది ఆ చోటు వల్ల కావచ్చు,
లేదా
రాసినవాడి తప్పు.

అక్కడ ఉలి కొంచెం జారింది.
దూత మెడ వంచి చూసి, బాగుందన్నాడు.
నాగపియ
నీళ్లు పోసింది.